అడగకుండా ఇచ్చిన ఇల్లు

పెద్దేముల్‌లో ఆ ఉదయం కూడా బుగ్గమ్మ గొర్రెల దొడ్డి ఊడ్చి, వాకిలి చల్లి, చేతులు కడుక్కుంటున్నది. మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు మనుషులు తలుపు మీద కాగితం అంటించి ఫోటో తీసుకున్నారు.

"ఎవలయ్యా మీరు? మా తలుపుకేం కాగితం?"

"బ్యాంకోళ్ళం అమ్మా. నర్సప్ప గారు తాకట్టు పెట్టిన ఇల్లే కదా. అల్లుని అప్పుకు జమానత్ ఉన్నరు. పంపిన నోటీసులకు జవాబు లేదు. ఇగ ఖాళీ చెయ్యాలె."

బుగ్గమ్మ భర్త వైపు చూసింది. నర్సప్ప భుజం మీది గొంగడి సర్దుకుంటూ ముందుకు వచ్చాడు.

"వచ్చిన కాగితాలు అల్లునికే ఇచ్చిన సారూ. మొదలు గణేశ్‌ను అడుగుండ్రి. ఆయన తాన పైసలు లేకుంటే అప్పుడు నన్ను అడుగుదురు."

"గట్ల వరుసేం లేదు పెద్దాయనా. సంతకం పెట్టినంక ఆయనెంతో మీరూ అంతే. బ్యాంకు ఎవరినైనా ముందు అడగొచ్చు."

జమానత్ అంటే అప్పు తీసుకున్నవాడి వెనక నిలబడటమని నర్సప్ప అనుకున్నాడు. పక్కన నిలబడటమని ఇవాళ తెలిసింది. వెనక ఉన్నవాడికి, దెబ్బ తగిలేముందు, కనీసం ఒకరి వీపు అడ్డం ఉంటుంది.

తాండూరులో గణేశ్ నడిపిన బండల పాలిష్ యూనిట్ ఎప్పుడో మూతబడింది. పని వెతుక్కుంటూ అతను కర్ణాటక వెళ్ళాడు. మధ్యాహ్నానికి దేవిక ఒక్కతే తాండూరు నుంచి షేర్ ఆటోలో వచ్చింది. బుగ్గమ్మ కూతురిని కూర్చోమని కూడా అనలేదు.

"వచ్చినవా బిడ్డా. మొగని మిషన్లకు తల్లి ఇల్లు చాలిందా, ఇంకేమన్న కావాల్నా? దొడ్లె గొర్లున్నయి, కొట్టుకపో."

"నేనే చెప్పొద్దన్న అమ్మా. నువ్వు ఒప్పుకోవని నాయినతోని ఒట్టు పెట్టిచ్చుకున్న. యూనిట్ నడిస్తె అప్పు తీరిపోతది, నీకు తెల్వనే తెల్వదనుకున్న."

"బిడ్డనేమనకు," అన్నాడు నర్సప్ప. "సంతకం నాది."

"నువ్వాగు." బుగ్గమ్మ గొంతు పెంచలేదు. "ఇన్నేండ్ల కాపురంల నేను పసుపు పెట్టకుండ ఒక్క పొట్టేలునన్న దొడ్డి దాటిచ్చినవా? బేరం కుదిరినా, నా చెయ్యి పడేదాక తాడు ఇయ్యకపోతివి. ఇంటికాడికొచ్చేసరికి నా చెయ్యి యాదికి రాలే?"

ఆమె ఒప్పుకోదేమోనని భయపడ్డానని ఇన్నాళ్ళూ నర్సప్ప తనకు తాను చెప్పుకున్నాడు. అది నిజం కాదు. ఆమె ఏమంటుందో తెలుసుకోవాలని అతను అసలు అనుకోలేదు. తలుపు మీది కాగితం కన్నా ఈ సంగతి అతనికి బరువుగా తోచింది.

"అడిగుంటే నేనే ఇస్తుంటి," అన్నది బుగ్గమ్మ. "బిడ్డ పరేషాన్ల ఉంటె ఇల్లేంది, గొర్లు సుత ఇస్తుంటి. అప్పుడు ఇచ్చినట్టుంటుండె. ఇప్పుడు గుంజుకున్నట్టయింది."

దేవిక తల్లి కాళ్ళ దగ్గర కూలబడింది. కూతురి తలమీద చెయ్యి వెయ్యడానికి బుగ్గమ్మకు చాలాసేపు పట్టింది.

ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి వికారాబాద్ నుంచి అధికారులు వచ్చిన రోజు, సామానంతా ట్రాలీకి ఎక్కింది. గొర్రెలు దారి మీద నిలబడ్డాయి. అధికారి చెయ్యి చాచాడు. నర్సప్ప తాళంచెవి ఇవ్వకుండా భార్య దగ్గరికి వెళ్ళాడు.

"ఇయ్యమంటవా?" అని అడిగాడు.

బుగ్గమ్మ అతని ముఖంలోకి చూసింది. కళ్ళు తుడుచుకుని, కొంగు ముడి విప్పి, అందులోని పసుపు గడపకు రాసింది. మిగిలిన పసుపు పక్కనే ఉన్న దేవిక చేత రాయించింది.

"ఇప్పుడియ్యి," అన్నది.