కట్టిన చెయ్యి

కార్వేటినగరం చుట్టుపక్కల ఎవరికి ఎముక విరిగినా మా ఇంటికే తీసుకొస్తారు. మా తాత, మా నాయన, ఇప్పుడు నేను. కోడిగుడ్డు సొన, ఆకు పసరు, నాలుగు వెదురు బద్దలు, పాత పంచె గుడ్డ, అంతే మా వైద్యం. మిగతాదంతా చేతిలో ఉంటుంది. ఏకాంబరం చెయ్యి మంచిదని జనం అంటారు. అనాలి కూడా. మాకున్నది ఒకే కట్టుబాటు. కట్టు కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. ఇంకొకరు ముట్టుకుంటే ఎముక నిలవదు.

పక్క చేను చెంగయ్య నా మీద చెయ్యి చేసుకున్నది మడవ నీళ్ళ దగ్గర, పదిమంది ముందు. తప్పు నాదే, వాడి వంతు నీళ్ళు నా చేలోకి మళ్ళించుకున్నాను. అయినా చెంపదెబ్బ చెంపదెబ్బే. రెండు నెలలకు వాడు చింతచెట్టు మీది నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వేరే దిక్కులేక నా తిన్నె మీదికే వచ్చాడు. ఎర్రంచు పంచె చించి కట్టాను. కట్టాల్సిన దానికన్నా ఒక పట్టు ఎక్కువ బిగించాను. ఆ సంగతి నా చేతికి తప్ప ఎవరికీ తెలియదు.

మూడోనాడు వాడి పెళ్ళాం జ్ఞానాంబ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"చేతి ఏళ్ళు నల్లబడినాయన్నా. రవంత వదులు చేసిపో."

"ఎనిమిదో నాడు వచ్చి విప్పుతాలే, పో," అన్నాను.

ఊళ్ళో ఇంకెవరూ ఆ కట్టు ముట్టుకోలేదు. ఆరోనాడు చెంగయ్య పోయాడు. కట్టుతోనే పూడ్చారు. నేనూ వెళ్ళి పిడికెడు మన్ను వేసి వచ్చాను. ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది.

ఏడాది తిరిగింది. కార్తీక మాసం, విడవని ముసురు. దీపాలు పెట్టే వేళకు నా కూతురు పంకజ తడి మెట్టు మీద జారి పడింది. ఎనిమిదేళ్ళ పిల్ల. విరిగింది కుడి మణికట్టే. వాపు రాకముందే కట్టాలి. నట్టింట్లో చాప మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాను. యుద్ధం రోజులు, కిరసనాయిలుకు కరువు. బుడ్డి దీపం కాసేపు కొట్టుకుని ఆరిపోయింది. ఆముదం దీపం తెస్తానని మా ఆవిడ చంద్రకాంతమ్మ వంటింట్లోకి వెళ్ళింది.

మా పనికి వెలుతురు అక్కర్లేదు. వేళ్ళే చూస్తాయి. దుప్పటి కింద వెతికాను... చెయ్యి దొరికింది. చల్లగా ఉంది. తడి మట్టి వాసన... దాంతోపాటే కుళ్ళిన గుడ్డు వాసన. అరచేతిలో కాయలు. నాగలి పట్టిన కాయలు. మణికట్టుకు అప్పటికే కట్టు ఉంది. ముడి తడిమాను...

నా ముడే.

చెవి పక్కనే ఎవరో మెల్లగా అన్నారు. "విప్పు."

విప్పి ఉంటే సరిపోయేదేమో. కానీ నా చెంప భగ్గుమంది, ఆ దెబ్బ అప్పుడే పడ్డట్టు. ఆ చేతిని విసిరికొట్టాను.

"నాయనా... నాకెప్పుడు కడతావు?"

పంకజ గొంతు వంటింట్లోంచి వచ్చింది. చీకటికి భయపడి తల్లి వెంటే వెళ్ళిందట.

దీపం వచ్చింది. చాప మీద ఎవరూ లేరు. దుప్పటి మాత్రం తడిసి ఉంది. పిల్లకు కట్టు కట్టాను. వదులుగానే కట్టాను, దేవుడి సాక్షిగా.

తెల్లవారి చూస్తే పిల్ల వేళ్ళు నీలంగా ఉన్నాయి. పైగుడ్డ కోశాను. లోపల ఇంకో గుడ్డ... మట్టి పట్టిన ఎర్రంచు. అదీ కోసి పొయ్యిలో వేశాను. దీపాలు పెట్టే వేళకు మళ్ళీ చేతికి ఉంది. ఈసారి ముడి నాది కాదు. రోజూ కోస్తున్నాను, రోజూ వస్తోంది. పక్కనే కాపలా కూర్చున్నాను కూడా. ఒక్క తుమ్ము తుమ్మి కళ్ళు తెరిచేలోగా కట్టు బిగిసి ఉంది. జ్ఞానాంబ ఇంటికి వెళ్ళి కాళ్ళు పట్టుకున్నాను.

"కట్టిన చెయ్యే విప్పాల గదన్నా," అని తలుపేసుకుంది.

ఇవాళ ఐదోనాడు. వేళ్ళు నల్లబడ్డాయి. నాకు ఏడుపు ఆగడం లేదు. పంకజ మాత్రం ఏడవడం లేదు. ఇందాక నా వైపు తిరిగి, నన్ను ఓదారుస్తూ చెప్పింది.

"ఏడవొద్దు నాయనా. ఆ మామ ఎనిమిదో నాడు వచ్చి విప్పుతాడంట."