దిబ్బ మీద సైరన్

ఆ పొద్దున్న బిందుశ్రీ చోడి అంబలి దింపి, నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ముల నిండా నీళ్ళు పట్టి, మూతలు పెట్టి తాళ్ళతో బిగించింది.

"ఏటమ్మి, డ్రమ్ములికి ఉరేస్తన్నావు?" అంది పక్కింటి రాజులమ్మ, కంచె మీంచి తొంగి చూసి.

"నువ్వు నవ్వు పెద్దమ్మా. అణుబాంబు పడితే ఈ డ్యామ్ నీల్లు ముట్టుకోకూడదంట. సేపలు తినకూడదంట. మనకి నీల్లూ సేపలూ కాక ఇంకేటున్నాది?"

"రేషన్ పడవోడికే మన దిబ్బ కనపడదు. ఆ బాంబుకి కనపడతాదేటే?"

బిందుశ్రీకి నవ్వు రాలేదు. వాళ్ళది ఒకప్పుడు కొండ నెత్తి. కొరాపుట్ కొండల్లో డ్యామ్ కట్టాక చుట్టూ నీళ్ళు లేచి, నెత్తి మాత్రం దిబ్బగా మిగిలింది. వలలు వేసుకోవడానికి శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన ముప్ఫై కుటుంబాలు అక్కడే పాకలు వేసుకున్నాయి. నీళ్ళకి అవతల ఒడ్డున విమానాల ఇంజిన్లు చేసే ఫ్యాక్టరీ, దాని టౌన్‌షిప్. యుద్ధం మాట వచ్చిన దగ్గర్నుంచీ ఏ ఫోన్ తెరిచినా ఒకటే వీడియోలు. మొదటి దెబ్బ అలాంటి ఫ్యాక్టరీల మీదేనంట. ఒడ్డునున్న వాళ్ళు బస్సెక్కి పోతారు. దిబ్బ మీద వాళ్ళు ఎక్కడికి పోతారు?

ఆమె దిబ్బకీ, ఒడ్డున రెండు మూడు ఊళ్ళకీ ఆశా కార్యకర్త. రెండు రోజులు కొరాపుట్‌లో శిక్షణ ఇచ్చి పంపారు. ఆ రోజు పదిగంటలకి డ్యామ్ మీది సైరన్ మోగుతుంది, ఉత్తుత్తి హెచ్చరిక. అందరూ ఇళ్ళల్లోకి వెళ్ళి, తలుపులు వేసుకుని, గోడ వారన బోర్లా పడుకోవాలి. ఇంటింటికీ తిరిగి చెప్పింది. చివరికి తన మామ మల్లేశ్వరరావుకి చెప్పింది. ఆయన రేవులో వల కుడుతున్నాడు. ఆరేళ్ళ లహరి పక్కన కూర్చుని దారం అందిస్తోంది. భర్త జగన్‌కి దూరాన డొరగుడలో, వేరే ఫ్యాక్టరీలో పని. పదిహేను రోజులకొకసారి వస్తాడు. బిందుశ్రీ ఊళ్ళు తిరిగే రోజుల్లో పిల్లకి తోడు ఆ తాతే.

"పదయ్యేసరికి పిల్లని ఇంట్లోకి తీసుకెల్లి తలుపేసుకో మావా. విన్నావా?"

"ఊఁ" అన్నాడు ఆయన. రోజు మొత్తం మీద ఆయన మాటలు పది దాటవు.

పదిగంటలకి సైరన్ లేచింది. లేస్తూ, పడుతూ, కొండల మధ్య తిరిగి తిరిగి వినిపించింది. తీరు చూద్దామని వచ్చిన ఆఫీసరు మనోరంజన్ బడి వరండాలో పుస్తకం తెరిచాడు. బిందుశ్రీ ఒక్కో తలుపూ తట్టుకుంటూ పరిగెత్తింది. ఆడవాళ్ళు ఉన్నారు. మగవాళ్ళు లేరు. తన ఇంటికి వచ్చి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

"దీదీ, ఏ కణ హెలా?" ఇదేమైంది అని వరండాలోంచి మనోరంజన్ ఒడియాలో అరిచాడు. నీళ్ళ వైపు చెయ్యి చూపించాడు.

పదకొండు పడవలు నీళ్ళ మీద ఉన్నాయి. దిబ్బ మీద నలభై ఏళ్ళుగా సైరన్‌కి ఒకటే అర్థం. డ్యామ్ గేట్లెత్తుతున్నారు, ఉరవడికి వలలు కొట్టుకుపోతాయి, పోయి లాక్కోవాలి. వేసవిలో గేట్లెత్తరని అందరికీ తెలుసు. పొద్దున్న ఆమె చెప్పిందీ విన్నారు. మోత వినగానే కాళ్ళు మాత్రం పడవల వైపే పోయాయి. అన్నిటికంటే ముందున్న పడవలో మల్లేశ్వరరావు తెడ్డు వేస్తున్నాడు. పడవ ముక్కు దగ్గర ఎర్ర గౌనులో లహరి నిలబడి, తల్లి కనపడగానే చెయ్యి ఊపింది. నెత్తి మీద ఆకాశం తప్ప ఏమీ లేదు.

మనోరంజన్ తల అడ్డంగా ఊపాడు. "ఫెయిల్, దీదీ. నాలుగింటికి మళ్ళీ."

బిందుశ్రీ రేవులో నిలబడింది. పడవ ఒడ్డు తగలగానే పిల్లని చంక కింద ఎత్తుకుని ఇంటికి తెచ్చేసింది. ఆయన వెనకాలే వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"నీకేటి సెప్పేను మావా? తలుపేసుకోమన్నాను కదా! మిగతావోల్లు వలల కోసరం ఎల్లేరు. వలల దగ్గిరికి పిల్లనెందుకు తీసుకెల్లేవు?"

ఆయన వేలికి చుట్టుకున్న వల దారం విప్పుకుంటున్నాడు.

"నిజంగా పడితే ఏటయ్యుండేది? ఆ ఎలుగు సూస్తే కల్లు పోతాయంట. నా పిల్లని నడి నీల్లల్లో నిలబెట్టేవు!"

"అమ్మా, తాత నన్ను గట్టిగా పట్టుకోమన్నాడే" అంది లహరి.

"నువ్వు నోరుమూసుకో అమ్మి." బిందుశ్రీ ఆయన వైపు తిరిగింది. "ఇక సాలు మావా. రేపట్నించి పిల్లని నీకు అప్పగించను. నాతో పాటు ఊరూరా ఎండలో తిప్పుకుంటాను గాని, నీ దగ్గిర వదలను."

ఆయన ముఖం ఒక్కసారిగా వాడిపోయింది. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. రాజులమ్మ కంచె దాకా వచ్చి, ఆ ముఖం చూసి వెనక్కి తిరిగింది.

"తలుపేసుకోలేనమ్మి" అన్నాడు చివరికి.

"ఏటి?"

"నాకు తొమ్మిదేల్లు. మా ఊల్లో తుఫానొచ్చింది. అయ్య సముద్రమ్మీదికి ఏటకెల్లేడు. మాయమ్మ మా నలుగుర్నీ లోపలెట్టి తలుపేసి గడియెట్టింది. తలుపేసుకుంటే ఏటీ అవదురా అంది." అరుగు అంచు పట్టుకున్నాడు. "మట్టి గోడ నాని మీద పడిపోనాది. నాను కిటికీ పక్కనున్నాను. బయటికి పడ్డాను. కిటికీలోంచి సెయ్యెట్టినా లోపలి గడియ నాకు అందలేదు. లోపల్నించి అమ్మ పిలిసింది. తమ్ముడూ పిలిసేడు. తరవాత పిలవలేదు."

బిందుశ్రీ పిల్లని దగ్గరికి లాక్కుంది.

"మొగలి పొదల సాటున పడవల్లో పడుకున్నోల్లు బతికేరు. పడవలుంటే బతుకుతావని నాకు అదే మనసులో ఉండిపోనాది. ఇయ్యాల మోత వినగానే పిల్లని లోపలికే తీసుకెల్లేను. గడియ మీద సెయ్యేసేను. సెయ్యి ఆడలేదమ్మి. ఎత్తుకుని పరిగెట్టేసేను. తప్పే."

ఏడేళ్ళ కాపురంలో ఆయన అరుగు మీద తప్ప ఇంట్లో పడుకోవడం ఆమె చూడలేదు. మాఘమాసపు చలిలో, ఈ కొండల మంచులో కూడా గొంగడి కప్పుకుని బయటే. కొడుకూ కోడలికి చోటివ్వడానికని అనుకుంది. ముసలాడి మొండితనమని ఒకట్రెండుసార్లు జగన్‌తో అంది కూడా. ఇన్నేళ్ళలో ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అది తలుచుకోగానే కళ్ళు నిండాయి. ఆయన ఎదురుగా ఏడవలేక దొడ్లోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి ముఖం కడుక్కుని, నేరుగా బడి వరండాకి నడిచింది.

"సార్, ఇంట్లోకి ఎల్లలేనోల్లు ఏటి సెయ్యాల?"

మనోరంజన్ కాగితాలు తిరగేశాడు. "గుంట ఉందా? కాలవ? బోర్లా పడుకోవాలి. కళ్ళు, చెవులు మూయాలి. అది కూడా రూలే, దీదీ."

"మరి ముందే సెప్పొచ్చు కదా సార్!"

"ముందే అడగొచ్చు కదా, దీదీ!"

ప్రతి ఇంటి పక్కనా వాననీళ్ళు పోవడానికి మోకాలి లోతున తవ్విన కాలవ ఉంది. ఎండాకాలం కదా, పొడిగా ఉంది. బిందుశ్రీ తన ఇంటి పక్క కాలవలో ముళ్ళూ గాజు పెంకులూ ఏరి పారేసింది. తర్వాత మగవాళ్ళని రేవులో పోగేసి చెప్పింది. లేస్తూ పడుతూ మోగితే బాంబు, నేల మీద పడుకోవాలి. ఒకే తీరున మోగితే ఆపద పోయినట్టు.

"ఒకే తీరంటే గేట్లు కదే" అన్నాడు ఒకడు.

"ఇయ్యాలకి కాదు బాబూ, నీకు దండమెడతాను!"

నాలుగింటికి సైరన్ లేచింది. మల్లేశ్వరరావు గుమ్మం ముందు కొయ్యలా నిలబడిపోయాడు. బిందుశ్రీ ఆయన చెయ్యి పట్టుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"లోపలికొద్దు మావా. ఇటురా."

"నువ్వు లోపలికెల్లమ్మి. పిల్లని తీసుకుని ఎల్లు."

"నాను ఎల్లను. ముగ్గురం ఒకే దగ్గిర."

ముగ్గురూ కాలవలో బోర్లా పడుకున్నారు. మధ్యన లహరి. మట్టి ముక్కులోకి పోయి పిల్ల తుమ్మింది, తుమ్మి నవ్వింది. ముసలాయన తన చెవులు మూసుకోలేదు. రెండు అరచేతులతో మనవరాలి చెవులు మూశాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో ఆ మోతలో బిందుశ్రీకి వినపడలేదు. ఆమె తన చేతులు చాపి ఆయన చెవులు మూసింది.

మోత ఆగింది. కాసేపటికి సైరన్ ఒకే తీరున, పొడుగ్గా మోగింది. అంతే, కాలవల్లోంచి, పాకల్లోంచి మగవాళ్ళు లేచి వలల కోసం రేవుకి పరుగు తీశారు.

"ఒరే, గేట్లు కాదురా సచ్చినోల్లారా! అయిపోనాది, ఎనక్కి రండి!" అని రాజులమ్మ వెంటపడింది. మనోరంజన్ పుస్తకం మూసేసి నెత్తి పట్టుకున్నాడు.

మల్లేశ్వరరావు లేవలేదు. నలభై ఏళ్ళలో ఆ మోతకి ఆయన రేవుకి పోకపోవడం అదే మొదటిసారి. భుజాలు అదురుతున్నాయి. మట్టిలో కన్నీళ్ళు చుక్కలు చుక్కలుగా దిగుతున్నాయి.

"తాతా, అయిపోయిందా?"

"అయిపోనాదమ్మి."

బిందుశ్రీ లేచి కూర్చుని, పైట చెంగుతో పిల్ల ముఖమూ, తర్వాత ఆయన ముఖమూ తుడిచింది.

"రేపు నాను ఒడ్డుకెల్లాల మావా, మందులు తేవాల. సాయంత్రానికి గాని రాను" అంది. "పిల్ల నీ దగ్గిరే ఉంటాది."

"ఊఁ" అన్నాడు ఆయన.