మూడో గ్లౌజు

మా అక్క జాగ్రత్తలు చెప్పడం మొదలుపెడితే ఆపడం ఎవరి తరమూ కాదు. ఓడరేవు గిడ్డంగిలో సరుకు తూకాలు రాసే ఉద్యోగం తనది. నాలుగేళ్లుగా ఫోన్ చేస్తే పొడిపొడిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. అలాంటిది హఠాత్తుగా "ఒక్కసారి రావే, నిన్ను చూడాలనుంది" అనేసరికి ఉబ్బితబ్బిబ్బయ్యాను. ఆ వెనకే జాగ్రత్తల చిట్టా పంపింది.

గొడుగు తేకు, ఆ గాలికి నిలవదు. చెవులు మూసే టోపీ పెట్టుకో. ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది, కంగారుపడకు. రేవు వీధిలో గోడ వెంట తాడు కట్టి ఉంటుంది, అది పట్టుకునే నడు. బోర్డులు చదువుతూ నిలబడ్డావంటే కళ్లల్లో ఇసుక పడుతుంది. తాడు మీద ఎవరైనా నీ చెయ్యి పట్టుకుంటే విదిలించుకోకు, పాపం గాలికి భయపడిన వాళ్లయి ఉంటారు. గ్లౌజులు మూడు కొను.

"మూడెందుకక్కా? నాకేమైనా మూడు చేతులున్నాయా?" అని నవ్వాను.

"ఒకటి పోతే ఉంటుందిలే," అంది. తను మాత్రం నవ్వలేదు.

రైలు దిగేసరికి చీకటి పడింది. రేవు వీధంతా చేపల కంపు, తారు వాసన. ఎక్కడో ఓడల గొలుసులు గోడకేసి కొట్టుకుంటున్నాయి. గాలికి కళ్లు తెరవలేక, తల వంచుకుని తాడు పట్టుకుని నడిచాను.

సగం దారిలో నా ఎడమ చేతి మీద ఒక చెయ్యి పడింది.

చిన్న చెయ్యి. గ్లౌజు లేదు. తడిగా ఉంది. ఉలిక్కిపడ్డాను కానీ, అక్క ఊరికే చెప్పదు కదా అని విదిలించలేదు.

"భయం లేదమ్మా, ఇంకాస్తే," అన్నాను.

పట్టు ఇంకా బిగిసింది.

తాడు అక్క ఇంటి మెట్ల దగ్గర ఆగిపోయింది. అక్కడ దీపం ఉంది. పక్కకి చూశాను. ఎవరూ లేరు. చెయ్యి మాత్రం వదల్లేదు. దీపం కింద కొత్తవాళ్ల కోసం బోర్డు...

'తాడు మీద గ్లౌజు లేని చెయ్యి తగిలితే వెంటనే విదిలించుకోండి. ఇంటిదాకా తేకండి.'

తలుపు దబదబా బాదాను.

"వచ్చావా?" లోపల్నుంచి అక్క గుసగుస. "ఒక్కదానివేనా?"

"అక్కా... చెయ్యి వదలట్లేదు. తలుపు తియ్యి."

"దానికి మూడో గ్లౌజు ఇవ్వవే. చలికి వణుకుతుంది. నాలుగేళ్లూ నేనే ఇచ్చాను."

"నీకు ముందే తెలుసా?"

చాలాసేపు అక్క ఏడుపు వినిపించింది. "నా చెల్లెలివి కదా... కోప్పడవనుకున్నాను."

లోపల గడియ పడింది. సొంత అక్క! నా చిన్నప్పుడు రోడ్డు దాటించిన చెయ్యి. బ్యాగులోంచి మూడో గ్లౌజు తీసి మెట్ల మీదకి విసిరికొట్టాను. పట్టు వదిలింది. స్టేషన్‌దాకా తాడు ముట్టకుండా, పడుతూ లేస్తూ పరిగెత్తాను.

రైల్లో కూర్చుని టికెట్ కోసం బ్యాగు తెరిస్తే, పైనే ఉంది నేను విసిరేసిన గ్లౌజు. వేలు పెట్టి చూశాను. లోపల వెచ్చగా ఉంది.

ఫోన్ మోగింది. అక్క మెసేజ్.

'ఒకటి చెప్పడం మర్చిపోయాను. రైల్లో రెండు సీట్లు తీసుకో. లేకపోతే ఒళ్లో కూర్చుంటుంది.'

నా తొడలు అప్పటికే బరువుకి తిమ్మిరెక్కాయి.