కళ్ళ మధ్య కొలత

మెనిక్ మా పక్కింట్లో ఉంటుంది. లారీ మెకానిక్ దర్సోనో భార్య. మాది బ్లోరా పట్నం దగ్గర టేకు అడవిని ఆనుకున్న ఊరు. వానాకాలంలో ఇక్కడ పొద్దు ఉండగానే చీకటి పడిపోతుంది. ఇప్పుడు చెప్పేదాంట్లో కొంత మెనిక్ నా చెయ్యి పట్టుకుని చెప్పింది, కొంత నేను కళ్ళారా చూసింది.

దర్సోనో ఒక టోకెక్‌ని పెంచేవాడు. అది గోడల మీద పాకే మామూలు బల్లి కాదు. జానెడున్నర పొడవు, బూడిదరంగు ఒంటి మీద నారింజ చుక్కలు. అది అరిచిందంటే వీధి వీధంతా వినాల్సిందే. వెనక గదిలో దానికో గాజుపెట్టె కట్టించాడు. పెళ్ళాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవనివాడు, దాన్ని మాత్రం "రాడెన్ బాబూ" అని దొరబిడ్డలా ముద్దు చేసేవాడు.

ఒకసారి వాళ్ళతో పాటు నేనూ సంతకి వెళ్ళాను. పక్షుల వరసలో సరింతెన్ పెద్దమ్మది పురుగుల కొట్టు. డబ్బాల నిండా కీచురాళ్ళు, పిండిపురుగులు, బొద్దింకలు. తడిసిన అట్టముక్కల వాసన. దర్సోనో ప్రతి డబ్బాలోనూ వేలు పెట్టి కెలికాడు.

"కీచురాళ్ళు పట్టుకెళ్ళు నాయనా," అంది పెద్దమ్మ. "ఒళ్ళు మెత్తన, తేలిగ్గా అరుగుతాయి. పిండిపురుగుకి పెంకు గట్టి. అది రోజూ పెట్టేది కాదు. ఏది పెట్టినా ఎముకల బలానికి ఈ సుద్దపొడి చల్లి పెట్టు."

"పెద్దవి ఇవ్వు. ఇవేంటి, దోమల్లా ఉన్నాయి!"

"దాని రెండు కళ్ళ మధ్య ఎంత చోటుంటే పురుగు అంతే ఉండాలి. అంతకు మించితే మింగలేదు. పైగా పెద్దవి తిరగబడి కరుస్తాయి."

"కాళ్ళు పీకేస్తే ఎక్కడ కరుస్తాయి, ఎక్కడికి పోతాయి?" దర్సోనో నవ్వుతూ మెనిక్ వైపు గడ్డం ఎగరేశాడు. "మా ఇంట్లో ఇదొకటి కుంటుతూనే తిరుగుతోందిగా. దీన్ని ఎవరు పీకారో!"

మెనిక్‌కి చిన్నప్పుడే ఎడమకాలు విరిగి వంకర తిరిగింది. ఆమె తలెత్తలేదు. పెద్దమ్మ మాత్రం డబ్బా మూత గట్టిగా బిగించి అతని చేతిలో పెట్టింది.

ఆ రోజు నుంచి కాళ్ళు పీకే పని మెనిక్‌దే. వద్దని ఏడిస్తే, ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు వేసి నొక్కేవాడు. "లాగవే. నొప్పి దానికా, నీకా?" పీకిన కాళ్ళు ఒక పింగాణీ పళ్ళెంలో పడేవి. "ఊడొచ్చాక కూడా తన్నుకుంటూనే ఉంటాయక్కా," అని నాతో అంది ఒకసారి. ఆమె గోళ్ళ సందుల్లో ఆకుపచ్చ మరక ఎంత కడిగినా పోయేది కాదు.

ఒక సాయంత్రం వాన దంచికొట్టింది. మసీదు నుంచి పిలుపు అప్పుడే ఆగింది. కరెంటు పోయింది. మెనిక్ వంటింట్లో పొయ్యి దగ్గర ఉంది. దర్సోనో వెనక గదిలో బల్లికి మేత పెడుతున్నాడు.

ఇల్లంతా రొద చేసే కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఒక్కటి కూడా కుయ్యలేదు. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పాతబావిలోంచి వచ్చినట్టు చల్లటి నాచు వాసన... గది వైపు నుంచి...

లాంతరు తీసుకుని తలుపు దాకా వెళ్ళింది.

"ఏమండీ?"

"దీపం తేవద్దు." లోపలి నుంచి గుసగుస. అతని గొంతు అంత సన్నగా ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఏమైంది?"

"కళ్ళు... రెండు కళ్ళున్నాయి."

"రాడెన్‌వేమో?"

"రాడెన్ నా చేతిలో ఉంది. వణుకుతోంది."

మెనిక్ లాంతరు వత్తి తగ్గించింది. "ఎంత పెద్దవండీ?"

"పెద్దవి కాదే... దూరంగా ఉన్నాయి. ఒకటి బీరువా పక్కన. ఇంకోటి... ఇంకోటి కిటికీ దగ్గర. రెండూ కలిసే కదులుతున్నాయి. రెప్ప పడట్లేదు."

బీరువాకీ కిటికీకీ మధ్య ఒక మంచం పడుతుంది. మనిషి చేతులు చాచి పడుకోవచ్చు.

తలుపు వేలెడంత తెరుచుకుంది. సందులోంచి అతని చెయ్యి బయటికొచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"రావే... లోపలికి రా."

"నేనెందుకండీ?"

"నువ్వు ముందుండు. నేను బయటికి పోయి మనుషుల్ని పిలుచుకొస్తా. కుంటిదానివి, నువ్వెలాగూ పరిగెత్తలేవు. రావే!"

అతను లాగాడు. ఆమె గుమ్మాన్ని కావలించుకుంది. భుజం కీలు పటుక్కుమంది. "వదలండి, మీ కాళ్ళు పట్టుకుంటా..." అంది. అతను ఇంకా గట్టిగా లాగాడు. లోపల డబ్బా ఏదో దొర్లింది. తలుపు సందులోంచి తెల్లటి పొడి మెత్తగా బయటికి తేలింది.

అతని పట్టు వదిలిపోయింది.

అరుపు లేదు. ఎండు కొమ్మ విరిచినట్టు ఒక చప్పుడు... ఆగి, ఇంకొకటి... తర్వాత తడిగా, తీరిగ్గా నములుతున్న చప్పుడు.

మెనిక్ కేకలకి నేనే ముందు పరిగెత్తాను. మావారు టార్చి వేశారు. కిటికీ గడియ వేసినట్టే ఉంది. అతని చేతిలోంచి జారిన రాడెన్ గాజుపెట్టెలోకి దూరి, మూల పాలిపోయి అంటుకుపోయి ఉంది. నేలంతా సుద్దపొడి. మధ్యలో రెండు కాళ్ళు, తొడల దగ్గర నుంచి. చెప్పులు వేసుకునే ఉన్నాయి. నెత్తురు చుక్క లేదు.

ఎడమ పాదం బొటనవేలు ఇంకా కదులుతోంది.

పోలీసులు అడవి మృగమన్నారు. మిగతా ఒళ్ళు ఎక్కడా దొరకలేదు. ఆ రెండు కాళ్ళకే తెల్లగుడ్డ చుట్టి, ప్రార్థన చదివి పూడ్చాం. రాడెన్‌ని మావారు అడవిలో వదిలేశారు. సంతాపం రోజులు గడిచేదాకా ఇరుగూ పొరుగూ మెనిక్‌కి వంతులవారీగా అన్నం పంపాం. ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళం పడిపోయాం.

మొన్న సంత రోజున మిగిలిన కీచురాళ్ళ డబ్బా తిరిగిచ్చేద్దామని మెనిక్ బయల్దేరితే, తోడుగా నేనూ వెళ్ళాను. సరింతెన్ పెద్దమ్మ డబ్బా మూత తీసి పెదవి విరిచింది. "తిండిలేక బక్కచిక్కిపోయాయి పాపం." కత్తిపీట ముందేసుకుని గుమ్మడికాయ, బొప్పాయి పలచగా తరిగి అందులో పరిచింది. పైన మునగాకు చల్లింది.

"అమ్మేసే పురుగులకి ఇంత మర్యాదెందుకు పెద్దమ్మా?" అన్నాను.

"బక్కవి నోటికందినా బల్లి వదిలేస్తుంది తల్లీ. ముందు కొన్నాళ్ళు కడుపునిండా మేపాలి. అప్పుడే రుచి, అప్పుడే బలం."

మెనిక్ ఆ డబ్బాలోకి చూస్తూ నవ్వింది. చాలా రోజులకి నవ్వింది.

"మన వీధివాళ్ళూ ఇలాగే పలచగా తరుగుతారు కదక్కా," అంది. "రోజూ తెల్లారేసరికి నా గుమ్మంలో అరిటాకు నిండా పెట్టి పోతున్నారు. గుమ్మడికాయ, బొప్పాయి, మునగాకు... పచ్చివైనా పారెయ్యడానికి మనసొప్పక అన్నీ తినేస్తున్నా. ఎవరు పెడుతున్నారో కానీ, వాళ్ళ రుణం తీర్చుకోలేను."

నేను ఆమె మొహంలోకి చూశాను. ఎముకలు తేలి ఉండే బుగ్గలు నున్నగా నిండాయి. మెడ కింద మెరుపు వచ్చింది.

మా వీధిలో ఎవరూ ఏమీ పెట్టడం లేదు.