స్ప్రింక్లర్లకు చలేస్తుందట

రుఖయ్యా నా పనిని మొదటిసారి రిజెక్ట్ చేసిన రోజు సౌదీలోని అల్ ఖర్జ్‌లో ఎండ ఇరవై ఆరు డిగ్రీలు. డిసెంబరు నెల. నేను అబూ తుర్కీ గారి విల్లా లాన్‌లో, చొక్కా చెమటకు తడిసి ముద్దయి, స్ప్రింక్లర్లను మంచు నుంచి కాపాడుతున్నాను.

నవ్వకండి. అబూ తుర్కీ ఆ స్ప్రింక్లర్లను ఎక్కడో ఆరు నెలలు మంచు కురిసే దేశం నుంచి తెప్పించుకున్నాడు. వాటితో ఒక పుస్తకం వచ్చింది. చలికాలానికి ముందే నీళ్లు కట్టేయాలి, పైపుల్లో మిగిలిన నీళ్లను కంప్రెసర్‌తో ఊదేయాలి, బయటికి కనబడే పైపులకు ఫోమ్ చుట్టాలి, లేకపోతే నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి అని రాసుంది. మా అల్ ఖర్జ్‌లో నీళ్లు గడ్డకట్టేది ఫ్రిజ్‌లోనే. ఆ మాట ఆయనకు చెప్పి చూశాను. "కితాబ్‌లో ఉంది" అన్నాడు. ఇంక వాదన లేదు.

పని అయ్యాక ఫోన్‌లో ఫారం నింపి, ఫోటోలు పెట్టి ఆఫీసుకు పంపాలి. పంపాను. పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"అర్షద్ గారా? ఆఫీసు నుంచి రుఖయ్యాను. మీ ఫారం రిజెక్ట్ చేసినాను."

కొత్తగా చేరిన కోఆర్డినేటర్. మా కంపెనీ డ్రైవర్ మస్తాన్ వలీ కూతురు. వాళ్లది రాయచోటి, నాది ప్రొద్దుటూరు. ఆ యాస వినగానే సగం కోపం అక్కడే పోయింది.

"ఎందుకు మేడమ్?"

"మొదటి మంచు పడే తేదీ అని ఒక గడి ఉంది. మీరు ఖాళీగా పెట్టినారు."

"ఈడ మంచు యాడ పడ్తాది మేడమ్?"

"అది నాకు తెల్దు. గడి నింపాల. ఓనర్‌ని అడగండి."

అడిగాను. అబూ తుర్కీ అంత ఎండలోనూ గొర్రెచర్మం కోటు కప్పుకుని, చిన్న కప్పులో గహ్వా కాఫీ తాగుతూ ఆకాశం వైపు చూశాడు. "ఇన్షా అల్లా, బుక్రా" అన్నాడు. అంటే రేపట. నేను రేపటి తేదీ వేసి పంపాను. మళ్లీ రిజెక్ట్. మంచుకు పది రోజుల ముందే పని పూర్తి చేయాలట, నేను ఆలస్యం చేశానట.

పోట్లాడదామని ఆఫీసుకే పోయాను. దారి పొడుగునా మాటలు తయారుచేసుకున్నాను. లోపల నల్ల అబాయాలో ఒకమ్మాయి, బల్ల మీద కాగితం పరుచుకుని వేయించిన చెనిక్కాయలు ఒలుచుకుంటోంది. తలెత్తి నన్ను చూసి, "మంచు మనిషి వచ్చినాడా?" అంది. తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"మేడమ్, వచ్చే గురువారం లోపల ఈ పని క్లోజ్ కావాల. నా పేరు మీద ఒక్క పని ఓపెన్ ఉన్నా ఊరికి పోయొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టనని ముదీర్ చెప్పినాడు" అన్నాను. ముదీర్ అంటే మా మేనేజరు. ఆయన ఫారం చదవడు. పచ్చరంగు వచ్చిందా లేదా అని మాత్రం చూస్తాడు.

"ఊరికి ఎందుకు?"

"అమ్మ ఒక పిల్లను చూసింది. ఆ శనివారం పోయి నేను చూడాల."

చెనిక్కాయ ఒలిచే వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. "ఫోటో పంపినారా?"

"పంపినారు. తల దించుకోని ఉంది. కొంగు మీద జరీ మాత్రం బాగుంది."

ఆమె మూతి బిగించుకుని కంప్యూటర్ వైపు తిరిగింది. నవ్వు బుగ్గల్లోనే ఉండిపోయింది. "సరే, మంచు తేదీ నేను దిద్దుకుంటా. పోయి మంచి ఫోటోలు పంపండి" అంది.

విషయం చెప్పాను కదా, ఇంక రిజెక్షన్లు ఆగుతాయనుకున్నాను. అప్పుడే అసలు మొదలయ్యాయి. పైపు మసకగా ఉందని ఒకసారి. పైపు బాగుంది గానీ వెనక అబూ తుర్కీ కళ్లు మూసుకున్నాడని ఒకసారి. పుస్తకంలో ఫోమ్ బూడిదరంగు, మీది నలుపు అని ఇంకోసారి. ఈ గొడవ చూడలేక అబూ తుర్కీ తన పాత గొర్రెచర్మం కోటు తెచ్చి స్వయంగా పైపుకు కప్పాడు. దానికి ఆమె రాసిన రిమార్కు: "ఇది పైపా, గొర్రెనా?"

రిజెక్ట్ అయిన ప్రతిసారీ ఫోన్ వచ్చేది. రెండు నిమిషాలు పైపు గురించి, ఇరవై నిమిషాలు ఊరి గురించి. ఎర్రకారం దోసె ప్రొద్దుటూరులో బాగుంటుందా రాయచోటిలోనా అన్నదానికే రెండు ఫోన్లు పట్టాయి. ఆ పిల్ల ఇంటివాళ్లు నా కోసం ఇంటికి సున్నం కొట్టించారని కూడా మాటల్లో చెప్పేశాను. ఆ రోజు ఆమే ముందు ఫోన్ పెట్టేసింది.

అక్కడ లాన్ పరిస్థితి వేరే. నీళ్లు కట్టేసి వారం కావడంతో గడ్డి పసుపురంగుకు తిరిగింది. అబూ తుర్కీ రోజూ సాయంత్రం పొడుగు పైపు పట్టుకుని తనే నీళ్లు కొడుతున్నాడు. స్ప్రింక్లర్లు వేసుకుంటే పోలేదా అన్నాను. "అవి చలికాలం నిద్రలో ఉన్నాయి, గట్టిగా మాట్లాడకు" అన్నాడు.

మంగళవారం నాటికి నాకొక సంగతి అర్థమైంది. ఫారం పంపి, రుఖయ్యా ఎప్పుడు రిజెక్ట్ చేస్తుందా అని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను. పని పూర్తయితే పెళ్లిచూపులు. పెళ్లిచూపులయితే ఈ ఫోన్లుండవు.

అందుకని బుధవారం గట్టి ఏర్పాటే చేశాను. పైపుకు చుట్టిన ఫోమ్ నేనే పీకేశాను. లాన్‌లో మూడో భాగం, అంటే మూడో జోన్ పైపుల్లోకి మళ్లీ నీళ్లు వదిలాను. చాలదనిపించి, పైపు ఫోటో పెట్టాల్సిన చోట నా ఎడమ బూటు ఫోటో పెట్టి పంపాను. దీన్ని రిజెక్ట్ చేయని మనిషి భూమ్మీద ఉండడు.

రెండు నిమిషాల్లో పచ్చరంగు వచ్చింది. అప్రూవ్డ్. అరగంటకు ఎగ్జిట్ రీఎంట్రీ కూడా వచ్చేసింది.

బూటునైనా ఒప్పుకుంది గానీ నన్ను ఇంకొక్క రోజు ఉండనివ్వలేదు. తిన్నగా ఆఫీసుకు పోయాను. మూల కుర్చీలో మస్తాన్ వలీ టీ తాగుతున్నాడు. ఆయనకు సలాం చెప్పానో లేదో కూడా గుర్తులేదు.

"మేడమ్, నా పని ఎట్ల అప్రూవ్ చేసినారు?"

"బాగుంది కాబట్టి."

"అది బూటు."

"చూసినాను. మంచి బూటే."

"మూడో జోన్‌లో నీళ్లు అట్లనే ఉన్నాయి. పైపుకు ఫోమ్ లేదు, నేనే పీకినా. రిజెక్ట్ చేయండి."

"చేయను."

"ఇన్నిసార్లు చేసినారు గదా."

"అవన్నీ బాగున్నాయి" అంది. అనేశాక పెదవి కొరుక్కుంది.

"బాగున్నవాటిని ఎందుకు రిజెక్ట్ చేసినారు?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు పోకుండా" అంది. మొదటిసారి నువ్వు అంది. "ఆ పిల్ల ఇంటివాళ్లు ఇంటికి సున్నం కొట్టించుకున్నారంటివి గదా. పాపం, ఆ పిల్లకు అన్యాయం చేస్తాండానే అనిపించింది. అందుకే ఈరోజు ఏం పంపినా సరేనని నొక్కేసినా."

"ఆరేండ్లుగా ఈ పని చేస్తాండా. పైపుకు ఫోమ్ చుట్టడం నాకు రాదనుకుంటివా? నాకు నువ్వు కావాల రుఖయ్యా."

మూల నుంచి గ్లాసు కింద పెట్టిన చప్పుడు. అప్పుడు గుర్తొచ్చాడు మస్తాన్ వలీ.

"మామా..." అన్నాను.

"పొద్దున దాకా భాయ్ అంటివి గదరా."

"పొద్దున వేరే మామా."

ఆయన లేచి వచ్చి కూతురి కంప్యూటర్‌లోకి వంగి, నా బూటును చాలాసేపు చూశాడు. "దీన్ని పాస్ చేసినావంటే నీకు కండ్లు కనబడ్డం మానేసినాయమ్మా" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "ముందు మీ అమ్మకు ఫోన్ చెయ్. ఆ పిల్ల ఇంటివాళ్లను శనివారం దాకా ఎదురుచూపించడం మర్యాద కాదు. లీవు వచ్చింది గదా, మీవాళ్లను తోలుకోని రాయచోటికి పో. ఇంట్లో రుఖయ్యా వాళ్లమ్మ జైనాబీ ఉంటాది. ఆమె సరే అంటే నాకేం అడ్డం లేదు."

అక్కడే నిలబడి స్పీకర్ పెట్టి అమ్మకు ఫోన్ చేశాను. విషయం అంతా చెప్పాను.

"వాళ్లకు ఏ మొహం పెట్టుకోని చెప్పేది రా?"

"నాదే తప్పని చెప్పమ్మా."

"నీదే తప్పు. అందులో చెప్పేదేముంది." ఆ వెంటనే అడిగింది. "ఈ పిల్ల ఏం చేస్తాది?"

"నేను చేసిన పనిలో తప్పులు పడ్తాది."

"ఇరవై ఎనిమిదేండ్లు ఆ పని నేనొక్కదాన్నే చేసినా. అలిసిపోయినా రా అర్షదూ. ఆ పిల్లకు ఫోనియ్యి."

రుఖయ్యా స్పీకర్ తీసేసి, గోడ వైపు తిరిగి మాట్లాడింది. పది నిమిషాలయినా వదల్లేదు. అవతల అమ్మ నా గురించి ఏమేం చెబుతోందో నాకు వినబడలేదు. ఇటు ప్రతి మాటకూ రుఖయ్యా "అవునత్తా, అవునత్తా" అంటోంది. నా తప్పులు ఎన్ని బయటపడినా సరే, ఆ ఒక్క పిలుపు వింటూ సాయంత్రం దాకా అక్కడే నిలబడగలననిపించింది.