చెరగని చెయ్యి

"ఆర్పమ్మా, ఆ దీపం ఆర్పు!" అని గూడెం మనిషి లింగమ్మ కేక పెట్టేసరికే ఆలస్యమైపోయింది. నల్లమలలోని ఆ కొండగవి గోడంతా ఎర్రటి అరచేతులు తేలాయి.

డాక్టర్ సువర్చల మాటలు చెవిన పెట్టకుండా, అది సంతోషం పట్టలేక పెట్టిన కేక అనుకుంది. చదువెక్కువైనవాళ్లకు ఇలాంటి పొరపాట్లు సులువుగా వస్తాయి. ఆమె కనిపెట్టిన యంత్రం పేరు స్థిరరేఖ. రాతి సందుల్లో మిగిలిన పాత రంగును లేజర్‌తో వెతికి, పైకి తెచ్చి, పాతా కొత్తా తేడా లేకుండా రాయిలో రాయిగా బిగించేస్తుంది. ఇక వానా ఎండా దాన్ని ఏమీ చెయ్యలేవు. గవుల బొమ్మలు వెలిసిపోతున్నాయని పదేళ్లుగా ఆమెకు ఒకటే బెంగ.

"ఇవి వెలిసినవి కాదమ్మా, మేం చెరిపినవి," అంది లింగమ్మ. "తేనెకు తాడు కట్టుకుని లోయలోకి దిగేవాడు ఈ గోడకు చెయ్యి అద్ది పోతాడు. పైకొచ్చి తనే తుడుస్తాడు. తుడిచేదాకా వాడింకా తాడు మీదున్నట్టే."

సువర్చల తన అరచెయ్యి చూసుకుంది. పొద్దున లింగమ్మ మొగుడు గురవయ్య చెయ్యి అద్దుతుంటే, సరదాగా పక్కనే తనూ అద్దింది.

గురవయ్య తేనెపట్టుతో క్షేమంగానే వచ్చాడు. గోడను తడి ఆకులతో రుద్దాడు, ఇసుకతో రుద్దాడు. అరచెయ్యి చెక్కుకుపోయింది గాని గుర్తు పోలేదు. సువర్చల యంత్రం మీటలన్నీ నొక్కి చూసింది. చెరిపే మీట ఆమె పెట్టనేలేదు. చెరపాలని ఎవరైనా కోరతారని తోస్తేగా!

లోయ అంచున గురవయ్య బావమరిది పెద్దులు తాడు నడుముకు చుట్టుకుని కూర్చున్నాడు. ఆ తాడు బావమరిదే పట్టాలి. అక్క పసుపుకుంకాలు వాడి చేతిలో ఉంటాయి. మర్నాటికీ వాడు లేవలేదు.

"మీ బావ ఇక్కడే ఉన్నాడు కదయ్యా!" అంది సువర్చల.

"చెయ్యి గవిలో ఉందమ్మా. మా బావ కిందే ఉన్నాడు. నేనొదిలితే మా అక్క ఏమైపోద్ది?"

లింగమ్మ తమ్ముడి పక్కనే లోయలోకి చూస్తూ కూర్చుంది. వెనక నుంచి గురవయ్య, "ఒసే, నేనేనే!" అని ఎన్నిసార్లు పిలిచినా తిరిగి చూడలేదు. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. సువర్చలకు భయం వేసింది, చాలా భయం వేసింది. పెట్టె సర్దుకుని జీపు వైపు కదిలింది.

పెద్దులు మొదటిసారి ఆమె వైపు జాలిగా చూశాడు.

"మీరూ అద్దారంట గదమ్మా. మీ తాడు ఎవరు పట్టుకున్నారు?"

జీపు పది అడుగుల దూరంలోనే ఉంది. సువర్చల చదునైన నేల మీద నిలబడి, పక్కనున్న చెట్టును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.