టైరు కింద రాయి

పాల్ రాజు మైదుకూరు రోడ్డు పక్కన, తన సొంత కారులో, మిట్టమధ్యాహ్నం చనిపోయాడు. తలుపులు బిగిసి ఉన్నాయి. అద్దాలు పైకి ఉన్నాయి. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. లోపల హీటరు పూర్తి వేగంతో తిరుగుతోంది. పోలీసులు తలుపు కోసి తీసేసరికి డాష్‌బోర్డు మీది పెద్ద టచ్‌స్క్రీన్ ఇంకా వెలుగుతూనే ఉంది. దాని నిండా అతని వేళ్ల ముద్రలు. ముద్రల వెనక ఒక వాక్యం: "మీ సౌకర్యమే మా ధ్యేయం."

తొమ్మిది రోజుల తర్వాత నతానియేలు ప్రొద్దుటూరులో, కారు ఏసీలు బాగుచేసే ఒక షెడ్డు ముందు నిలబడ్డాడు.

"గ్యాసు నింపుతారా?"

"ఏ బండికి?"

"బండి లేదు. నాకే."

కోడ్ సరిపోయింది. నూరుల్లా చేతులు తుడుచుకుని షట్టరు సగం దించాడు. వీధికి అతను మెకానిక్కు. రహస్య విభాగానికి ఈ ప్రాంతపు చీఫ్.

"నిద్ర పడుతాందా?"

"పడుతాంది సార్."

"అన్నం?"

"తింటాండా."

"అదే నాకు భయం," అన్నాడు నూరుల్లా.

నతానియేలు పాల్ రాజుతో పదకొండేళ్లు పనిచేశాడు. సమాధిలో మట్టి వేసేటప్పుడు అతను గమనించింది మట్టి పొడిగా ఉందని మాత్రమే. దుఃఖం వస్తుందని ఎదురుచూశాడు, రాలేదు. రాకపోవడం తన గురించి ఏదో చెబుతోందని తెలుసు. అదేమిటో కూర్చుని వినే ఓపిక లేదు.

"ఆపరేషన్ నీడ," నూరుల్లా మొదలుపెట్టాడు. "విదేశీ ముఠా. ఎలక్ట్రిక్ కార్ల కంట్రోల్ బోర్డుల్లో ఒక కోడ్ దాచి పంపినారు. ఒక్క కమాండ్ ఇస్తే లాకు, అద్దాలు, హీటరు, అన్నీ వాళ్ల చేతికి పోతాయి. పాల్ రాజు మీద పరీక్ష చేసినారు. రేపు మధ్యాహ్నం రెండు గంటలకు రాష్ట్రంలో నాలుగు వేల కార్ల మీద."

"ఆపేదెవరు?"

"సునీత. జమ్మలమడుగులో ఇంటి చార్జర్లు బిగించే కంపెనీలో ఇంజనీరు. ఆ కోడ్‌ను చంపే కీ ఆమె దగ్గరుండాది. రేపు రెండు కొట్టేలోపల పులివెందులలో మన సర్వర్ మీద ఆమె వేలు పెట్టల్ల. వాళ్లకూ తెలిసిపోయింది. ఒంటిగంటకు ఆమె కారుకు కమాండ్ వస్తాది."

"బస్సులో తీసుకుపోతే?"

"ఆమె బస్సెక్కిందని తెలిస్తే వాళ్లు కమాండ్ ఇయ్యరు. ఇస్తేనే యాడ నుంచి ఇస్తాండారో పట్టుకుంటాం." నూరుల్లా బల్ల మీద రెండు వస్తువులు పెట్టాడు. "ఇది జామర్. ఆ కారుకు వచ్చే కమాండ్‌ను ఆపుతాది. ఇది అద్దం పగలగొట్టే పెన్ను. పాల్ రాజు దగ్గర లేనిది ఇదే."

"ఒంటిగంట అని చెప్పిందెవరు?"

"గ్రేస్."

గ్రేస్ ప్రొద్దుటూరులో ఒక కార్ల షోరూము మేనేజరు. ఆమె విభాగానికి పనిచేస్తున్నట్టు నటిస్తోందని ముఠా నమ్మకం. ముఠాకు పనిచేస్తున్నట్టు నటిస్తోందని విభాగం నమ్మకం. రెండు నమ్మకాల మధ్య ఆ మనిషి ఎక్కడ ఉంటుందో ఎవరూ అడగలేదు.

మరునాడు పదకొండున్నరకు నతానియేలు చార్జర్ మెకానిక్కు వేషంలో జమ్మలమడుగు చేరాడు. నీలం చొక్కా, పనిముట్ల సంచి, పెట్టుడు మీసం. సునీత వాకిట్లో గోడకు బిగించిన చార్జర్ మీద వాననీళ్లు పడకుండా ఒక రేకుముక్క వంచి కొట్టి ఉంది. ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"మా కంపెనీ మెకానిక్కులకు ఇస్త్రీ చొక్కాలుండవన్నా."

ఆమె ప్లగ్గు పీకింది. స్క్రీన్ మీద చార్జి నలభై ఒక్క శాతం. కరెంటు నాలుగుసార్లు పోయిందని విసుక్కుంటూ వెనక టైరు కింది నుంచి అరచేయి మందం ఉన్న నల్ల నాపరాయిని తీసి డిక్కీలో పెట్టుకుంది.

"అదేంది?"

"మా మామ ఆర్డరు. హ్యాండ్ బ్రేకు స్క్రీన్‌లో బొమ్మగా ఉంటే నమ్మేదెట్లా అంటాడు. బండి నిలబెడితే రాయి పెట్టల్ల. ఇంజనీరయినా తప్పదు."

అప్పుడు గ్రేస్ వచ్చింది. నెమలిపచ్చ పట్టుచీర, నల్లకళ్లద్దాలు, ఆమెకన్నా ముందు వచ్చే అత్తరు వాసన. వెనక సీట్లో కూర్చుని నవ్వింది.

"ఎడమ మీసం జారుతాంది, ఏజెంటు గారూ."

సునీత నడిపింది. నతానియేలు పక్కన కూర్చుని ఒళ్లో జామర్ ఆన్ చేశాడు. చల్లగాలి ముఖానికి కొట్టకుండా మళ్లించాలంటే స్క్రీన్‌లో మూడు పేజీలు దాటాలి. అతను దాటాడు. స్క్రీన్ అతని వేలిని వెంటనే గుర్తించింది. వేలికే దేన్నో తాకినట్టు తెలియలేదు. మనిషి ఉన్నాడని ఒక గాజుపలక ఒప్పుకుంటుంది, ఆ మనిషికి మాత్రం రుజువు దొరకదు అనుకున్నాడు. ఆ ఆలోచన కూడా అతన్ని కదిలించలేదు.

ముద్దనూరు దాటారు. పన్నెండూ యాభై. అద్దంలో గ్రేస్ కనిపిస్తోంది. గోళ్లు చూసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. పది నిమిషాల్లో చావు రాబోతున్న కారులో కూర్చున్న మనిషి తీరు కాదది.

"నీకు భయం లేదా?" అన్నాడు నతానియేలు.

"ఈ కారుకేం కాదు."

"జామర్ మీద అంత నమ్మకమా?"

"నా మీద నాకు నమ్మకం," గ్రేస్ కళ్లద్దాలు పైకి నెట్టింది. "సునీత కారు నంబరు ఇయ్యమని ముఠావాళ్లు అడిగినారు. మా షోరూములో సునీత పేరుతో రెండు కార్లుండాయి. ఇది ఒకటి. రెండోది తొండూరులో రేకుల షెడ్డు కింద ఊరికే నిలబడుంటాది. దాని నంబరిచ్చినా. ఖాళీ కారును చంపుకోనీ. కమాండ్ వస్తాది, మీరు పట్టుకుంటారు, ఎవరికీ ఏం కాదు. ఎట్లుంది?"

కారు ఒక్కసారి ఊగి మళ్లీ దారిలోకి వచ్చింది. సునీత చేతులు స్టీరింగు మీద తెల్లబడ్డాయి.

"అది మా మామ కారు. ఓటీపీలు ఆయనకు అర్థం కావని నా పేరు మీద, నా ఫోన్ నంబరు మీద తీసుకున్యాం."

"తెలుసు కదా, ఫారం నింపింది నేనే..."

"అది ఖాళీగా ఉండదక్కా. ఈ ఎండలకు మిట్టమధ్యాహ్నం కరెంటు తీసేస్తాండారు. తీసేస్తే మా అత్తా మామా కార్లో ఏసీ ఏసుకుని పండుకుంటారు. రోజూ."

"కార్లోనా?" అంది గ్రేస్. "కార్లో ఎవరన్నా పండుకుంటారా?"

"మీ ఇంట్లో ఇన్వర్టరుంటాది లేక్కా."

గ్రేస్ పైకి నెట్టిన కళ్లద్దాలు మళ్లీ కిందికి దించుకుంది. పట్నంలో పెరిగిన ఆమె తెలివికి ఈ ఒక్క సంగతి అందలేదు.

నతానియేలు సునీత ఫోనులో ఆమె మామ రంగన్నకు చేశాడు. మోగి మోగి ఆగింది. ఆ ఫోను ఇంట్లో గూట్లో ఉంటుందని, కార్లోకి తీసుకుపోరని ఆమె చెప్పింది. యాప్ తెరిచాడు. "ఈ వాహనం మీ ఖాతాలో లేదు" అని వచ్చింది. ముఠా అప్పుడే దాన్ని తన చేతిలోకి తీసుకుంది.

"తొండూరు ఎంత దూరం?"

"ఇరవై రెండు."

"ఏసీ ఆపు. చార్జి అంతా చక్రాలకు పోనీ."

ఏసీ ఆగింది. కారు నూట ఇరవై దాటింది. ముగ్గురికీ చెమట కారింది. అడ్డంగా ఒక గొర్రెల మంద వచ్చింది. సునీత హారన్ నొక్కుతూ, ఏడుస్తూ, కాపరిని బతిమాలుతూ మూడు నిమిషాలు పోగొట్టుకుంది. ఒంటిగంట దారిలోనే దాటింది. అప్పుడు ఎవరూ గడియారం వైపు చూడలేదు.

తొండూరులో ఆ కారు షెడ్డు కింద ఉంది. వీధిలో మనిషి లేడు. ముందుసీట్లో రంగన్న బొటనవేలితో స్క్రీన్ మీది ఎర్రబొమ్మను పొడుస్తున్నాడు. అత్యవసరంగా తలుపు తెరిచే గుర్తు అది. నలభై ఏళ్లు గొర్రెల వెంట కర్ర పట్టుకు తిరిగిన వేళ్లు. కాయలు కాచిన ఆ తోలును స్క్రీన్ మనిషి చర్మంగా ఒప్పుకోలేదు. వెనక సీట్లో సునీత అత్త నాగులమ్మ మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని తల వాల్చేసి ఉంది. స్క్రీన్ మీద లోపలి వేడి యాభై ఏడు డిగ్రీలు.

జామర్‌తో ఇక పని లేదు. అది రాబోయే కమాండ్‌ను ఆపగలదు కానీ వచ్చినదాన్ని వెనక్కి పంపలేదు. నతానియేలు పెన్ను తీసి అద్దం మీద కొట్టాడు. ఎండకని రంగన్న వేయించుకున్న మందపాటి ఫిల్ము మీద తెల్లటి చుక్క పడింది. రెండో దెబ్బకు పెన్ను విరిగింది.

వెనక టైరు నీడ దాటి ఎండలోకి ఉంది. దాని కింద నల్ల నాపరాయి.

అతను రాయి ఎత్తాడు. లోపలి నుంచి రంగన్న అది చూసి, చివరి ఓపికతో అరచేయి అద్దానికి ఆనించి వద్దన్నట్టు ఊపాడు. ఊపిరి ఆడని మనిషి కారు అద్దాన్ని కాపాడుతున్నాడు.

"మామా!" సునీత అరిచింది. "చెయ్యి తియ్యి! కొనిచ్చింది నేను, పగలగొట్టమంటాండేదీ నేనే!"

చెయ్యి పక్కకు జరిగింది. మూడో దెబ్బకు అద్దం ఫిల్ముతో సహా లోపలికి కుంగింది. వేడి గాలి పొయ్యి మూత తీసినట్టు ముఖాన కొట్టింది. ముందు మేకపిల్ల దూకింది. తర్వాత రంగన్నను లాగారు. నాగులమ్మను గ్రేస్ లాగింది. పట్టుచీర గాజుపెంకుల్లో చిరిగిపోతున్నా చూసుకోలేదు.

నీళ్లు చల్లేసరికి నాగులమ్మ కళ్లు తెరిచింది.

"మేకపిల్ల యాడ?"

"ఈడనే ఉండాది అత్తా."

"మరి నువ్వెందుకు ఏడుస్తాండావు?"

రంగన్న గోడకు ఆనుకుని రెండు చెంబుల నీళ్లు తాగాడు. విరిగిన అద్దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నతానియేలును చూశాడు.

"అప్పా, నువ్వెవరో ఏమో. రాయి మాత్రం ఆడనే పెట్టు. బండి దొర్లిపోతాది."

నతానియేలు వంగి రాయిని టైరు కింద పెట్టాడు. పెట్టాక గాని తెలియలేదు. రెండు అరచేతులూ ఎర్రగా కమిలిపోయి ఉన్నాయి. పొద్దుటి నుంచి ఎండలో కాగిన రాయి. నొప్పి మణికట్టు దాకా, అక్కడి నుంచి ఇంకా పైకి వచ్చింది. అది వస్తున్న దారిలోనే మైదుకూరు రోడ్డు కనిపించింది, స్క్రీన్ నిండా ఉన్న పాల్ రాజు వేళ్ల ముద్రలు కనిపించాయి. అతను అక్కడే, టైరు పక్కన, చతికిలబడ్డాడు.

"ఏందప్పా, నువ్వు గూడా ఏడుస్తాండావా?"

"రాయి కాలింది పెద్దాయనా."

"ఎండలో ఉండేది కాలదా?" అన్నాడు రంగన్న.

ఆటో వచ్చింది. గ్రేస్ ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకుపోతానంది. సునీత నాలుగు వేల కార్ల సంగతి చెప్పింది కానీ కదలలేదు. నాగులమ్మ ఆమెను చేత్తో నెట్టింది. "నాలుగు వేల కార్లంటివే. వాటిల్లో గూడా ఎవరో ఒకరు పండుకునుంటారు. పో."

పులివెందులలో సర్వర్ గది చేరేసరికి కారులో చార్జి ఒక శాతం. ఒంటిగంటా యాభై తొమ్మిది నిమిషాలా యాభై సెకన్లకు సునీత వేలు పెట్టింది. చెమటకు మొదటిసారి తీసుకోలేదు. చీర కొంగుకు తుడిచి మళ్లీ పెట్టింది. నాలుగు సెకన్లు మిగిలాయి.

కమాండ్ వచ్చింది ప్రొద్దుటూరులో ఒక అద్దె మేడ నుంచి. లోపలున్న ముగ్గురు విదేశీయులు పొద్దున్నే ఏసీ చల్లబడటం లేదని మెకానిక్కును పిలిచి ఉన్నారు. నూరుల్లా తన సంచితో వెళ్లి, ముందు ఏసీ బాగుచేసి, తర్వాత వాళ్లను పట్టుకున్నాడు.

గ్రేస్ వాంగ్మూలం ఒకే వాక్యం: "కార్లో మనుషులు పండుకుంటారని నాకు తెలియదు, నేను తెలియదన్నది అబద్ధం కాని చోటు ఇదొక్కటే." ఆదివారం ఆమె తొండూరు వెళ్లి రంగన్న కారుకు కొత్త అద్దం దగ్గరుండి బిగించి వచ్చింది.

వారం తర్వాత నతానియేలుకు రిపోర్టు ఫారం వచ్చింది. కట్టు కట్టిన చేత్తో నింపాడు. జామర్: ఉపయోగపడలేదు. పెన్ను: విరిగినది. ఇతర పరికరములు: రాయి.

నూరుల్లా దాన్ని నవ్వకుండా చదివి పైకి పంపాడు. నెల తిరిగేసరికి హెడ్డాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకపై ప్రతి ఏజెంటు కిట్‌లో నాపరాయి, నలుపు, ఒకటి.

నతానియేలు సంతకం చేసే ముందు దాని పక్కన ఒక మాట చేర్చాడు: "ఎండలో ఉంచి ఇవ్వవలెను."